తెలుగు వాక్యానికి ఇంగ్లీషు మాటలు తొడిగితే వచ్చే తప్పులు: పట్టుకుని దిద్దుకునే పద్ధతి

ఇంగ్లీషు తప్పుల జాబితాలు వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి. చదువుతున్నప్పుడు అన్నీ తెలిసినవే అనిపిస్తాయి. మర్నాడు ఆఫీసులో నోరు తెరిస్తే మళ్లీ అదే "డిస్కస్ అబౌట్". జాబితా బట్టీపడితే తప్పు పోదు, తప్పు పుట్టే చోటు వేరే ఉంది. మనం ఇంగ్లీషులో చేసే చాలా తప్పుల అడుగున ఏ లోపమూ లేని తెలుగు వాక్యం ఒకటి ఉంటుంది. దాన్ని పైకి లాగితే, దాని నుంచి పుట్టిన తప్పులన్నీ ఒకేసారి దొరుకుతాయి. ఆ లాగే పని ఎలా చెయ్యాలో ఇక్కడ చెప్తాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడో మెయిల్ రాసేటప్పుడో తడబడతాం అనేవాళ్ల కోసం ఇది. ఏబీసీడీల దగ్గర మొదలుపెట్టేవాళ్లకు ఇంకా తొందరే.

మొదటి మెట్టు: మీ తప్పులు మీరే పోగెయ్యండి

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ తెరిచి మూడు విషయాల మీద విడివిడిగా రెండేసి నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడండి: నిన్న ఏం చేశారు, రోజూ మీ పని ఎలా సాగుతుంది, మీ ఊరు ఎలా ఉంటుంది. మొదటిది భూతకాలం పలికిస్తుంది, రెండోది అలవాట్లను, మూడోది స్థితిని. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో, స్పీకింగ్ (మాట్లాడే పరీక్ష) రెండో భాగంలోనూ ఇలాంటిదే ఉంటుంది: ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాలి.

తర్వాత దాన్ని వింటూ, అన్నది అన్నట్టు కాగితం మీద రాయండి. సర్దకండి. మాటను అక్షరాలుగా మార్చే ఫోన్ సదుపాయానికి అప్పగించకండి, కొన్ని తప్పుల్ని అది మీకు చెప్పకుండానే దిద్దేస్తుంది. ఇది విసుగు పని, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కానీ ఈ కాగితం లేకపోతే కింది మెట్లన్నీ కాలక్షేపానికి చదువుకోవడమే అవుతుంది. రాత తప్పులకైతే పంపేసిన పాత మెయిళ్లు నాలుగు తెరిస్తే చాలు.

రెండో మెట్టు: ప్రతి తప్పు పక్కన తెలుగు వాక్యం

అనుమానం ఉన్న ప్రతి వాక్యం పక్కనా, అది అనేటప్పుడు మీ మనసులో మెదిలిన తెలుగు వాక్యం రాయండి. "షి ఈజ్ యాంగ్రీ ఆన్ మీ" పక్కన "ఆవిడకు నా మీద కోపం". మూలం వెంటనే కనిపిస్తుంది.

కొన్నిటికి తెలుగు మూలం దొరకదు. "మైసెల్ఫ్ సురేష్" అలాంటిది, పక్కవాళ్లను చూసి అంటించుకున్నది. "ఐ యామ్ సురేష్" అంటే సరిపోతుంది. కొన్నిచోట్ల తెలుగే మీకు సాయం. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అని చాలామంది అంటారు గానీ తెలుగులో "నా స్నేహితుల్లో ఒకడు" అంటాం, అక్కడ బహువచనం ఉండనే ఉంది. తెలుగును నమ్ముకుని "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అనండి.

మూడో మెట్టు: క్రియ

ఎక్కువ కాలం ఇక్కడే గడపాలి.

"రోజూ తొమ్మిదింటికి వస్తాను", "రేపు తొమ్మిదింటికి వస్తాను". రెండు చోట్లా ఒకే "వస్తాను". వ్యాకరణంలో మొదటిదాన్ని తద్ధర్మమనీ రెండోదాన్ని భవిష్యత్తనీ వేరు చేస్తారు, వాడుకలో మాత్రం రూపం ఒక్కటే. "వస్తాను" అంటే "ఐ విల్ కమ్" అని బడిలో నేర్చుకోవడంతో అలవాటు పనులకూ "విల్" తగిలిస్తాం: "డైలీ ఐ విల్ కమ్ ఎట్ నైన్", "మై ఫాదర్ విల్ వర్క్ ఇన్ ఎ బ్యాంక్". రెండో వాక్యం విన్న విదేశీయుడు, మీ నాన్నగారికి ఇంకా ఉద్యోగం లేదు, ముందుముందు చేరతారు కాబోలు అనుకుంటాడు. వీసా ఇంటర్వ్యూలో మీ చదువుకు డబ్బు ఎవరు పెడతారని అడిగినప్పుడు ఈ మాట అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాక్యంలో "రోజూ" గానీ "మామూలుగా" గానీ పెట్టి చూడండి. అతికితే "విల్" తీసెయ్యండి: "ఐ కమ్ ఎట్ నైన్", "మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్". ఆ "వర్క్స్" చివరి "స్" జాగ్రత్త. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు అంటూ మన క్రియ మనిషి మనిషికీ మారుతుంది. ఇంగ్లీషులో మిగిలింది ఆ ఒక్క "స్", దాన్నీ మింగేస్తాం.

రెండోది "నుంచి". "రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్నది "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అవుతుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. మన "నుంచి" మొదలైన సమయానికీ (2022 నుంచి), గడిచిన కాలానికీ (రెండేళ్ల నుంచి) సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి "సిన్స్", రెండోదానికి "ఫర్". ఏది ఎక్కడో తేల్చడానికి తెలుగులోనే పరీక్ష ఉంది: "నుంచి" తీసి "గా" పెట్టండి. "రెండేళ్లుగా" అనగలం, కాబట్టి "ఫర్". "2022గా" అనలేం, కాబట్టి "సిన్స్". ఇక క్రియ: ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "యామ్ వర్కింగ్" చాలదు, "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్." ఈ ఒక్క వాక్యాన్ని మీ ఉద్యోగం, మీ అద్దె ఇల్లు, మీ చదువు మీద మార్చి మార్చి గట్టిగా అనండి. ఇంటర్వ్యూలో ఇది తప్పకుండా అవసరపడుతుంది.

"నిన్న", "పోయిన వారం", "2019లో" లాంటి గడిచిపోయిన సమయం చెప్పాక "హ్యావ్" పనికిరాదు. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పు, "ఐ సా హిమ్ యెస్టర్‌డే" ఒప్పు. "హ్యాడ్" పెడితే మరింత గౌరవంగా ఉంటుందన్న భ్రమ మనలో చాలామందికి ఉంది: "యెస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి". "వెంట్" చాలు. గతంలో జరిగిన రెండు పనుల్లో ఏది ముందో చెప్పాల్సి వచ్చినప్పుడు "హ్యాడ్" పనికొస్తుంది. "నేను స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది" అన్నప్పుడు రైలుకు "హ్యాడ్ లెఫ్ట్".

"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్", "ఐ యామ్ నోయింగ్ హిమ్", "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్". కలిగి ఉండటం, తెలియడం, నమ్మడం, ఇష్టపడటం ఇంగ్లీషులో స్థితులు. వాటికి "ఇంగ్" రాదు. "అర్థమవుతోంది" అని మనం అంటాం, ఇంగ్లీషువాడు "ఐ అండర్‌స్టాండ్" అంటాడు. "హ్యావింగ్ లంచ్" మాత్రం సరైనదే, అక్కడ జరుగుతున్నది ఒక పని.

"నాకు"తో మొదలయ్యే వాక్యాలు ఒక పెద్ద కుటుంబం. నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరమొచ్చింది, నాకు కలొచ్చింది, నాకు నవ్వొచ్చింది. తెలుగులో ఇవన్నీ మన దగ్గరికి వస్తాయి, మనం ఊరికే ఉంటాం. అందుకే "ఫీవర్ కేమ్ టు మీ", "వన్ డ్రీమ్ కేమ్". ఇంగ్లీషులో మనిషే కర్త: "ఐ హ్యావ్ ఎ ఫీవర్", "ఐ హ్యాడ్ ఎ డ్రీమ్", "ఐ యామ్ హంగ్రీ". మీ కాగితం మీద తెలుగు వాక్యం "నాకు"తో మొదలైతే, ఇంగ్లీషు వాక్యాన్ని "ఐ"తో మొదలుపెట్టి చూడండి. నూటికి తొంభైసార్లు దారి దొరుకుతుంది.

చివరగా "అట". "వస్తున్నాడట" అనడానికి "హి ఈజ్ కమింగ్ ఇట్ సీమ్స్" అంటాం. మన "అట"లో, నేను చూడలేదు, ఎవరో చెప్పారు అన్న సంగతి ఉంది. "ఇట్ సీమ్స్" వింటే ఇంగ్లీషువాడికి, నాకు అలా అనిపిస్తోంది అన్నట్టు వినపడుతుంది. "ఐ హియర్ హి ఈజ్ కమింగ్" అనండి, "అపారెంట్లీ" కూడా బాగుంటుంది.

నాలుగో మెట్టు: ప్రశ్న, జవాబు

అపార్థాలు ఎక్కువ వచ్చేది ఇక్కడ.

"మీరు ఫారం తేలేదా?" అంటే "అవును, తేలేదు" అంటాం. మన "అవును" అడిగినవాడి మాటను ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు "యెస్" ప్రశ్నను పట్టించుకోదు, జరిగిందా లేదా అన్నదే చూస్తుంది. "డిడింట్ యు బ్రింగ్ ద ఫారం?" అన్నప్పుడు తేకపోతే "నో, ఐ డిడింట్", తెచ్చి ఉంటే "యెస్, ఐ డిడ్". ఒక్క "యెస్" అని ఊరుకుంటే ఎదుటివాడు ఫారం ఇమ్మని చెయ్యి చాపుతాడు. అందుకే ఉత్త యెస్, నో ఎప్పుడూ అనకండి, వెనక ఆ చిన్న ముక్క తగిలించండి. "డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" కూడా ఇలాంటిదే. అడిగింది అభ్యంతరమా అని, కాబట్టి కూర్చోనివ్వాలంటే "నో, నాట్ ఎట్ ఆల్".

ప్రశ్న వేసేటప్పుడు తెలుగులో మాటల వరస మారదు, అందుకే "వై యు ఆర్ లేట్?" అంటాం. "వై ఆర్ యు లేట్?" అనాలని ఎవరైనా దిద్దితే దాన్ని అతిగా పట్టుకుని "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అనేస్తాం. దీనికీ తెలుగులో పరీక్ష ఉంది. "ఎక్కడున్నాడు?" అంటే అసలు ప్రశ్న: "వేర్ ఈజ్ హి?" "ఎక్కడున్నాడో తెలీదు" అని చివర "ఓ" వచ్చిందా, అది ప్రశ్న కాదు. వరస తిప్పకండి: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్". ఈ "ఓ" సూత్రం గుర్తుంటే బ్యాంకు పరీక్షల్లో తప్పు గుర్తించమనే ప్రశ్నలు కొన్ని చిటికెలో తేలిపోతాయి.

"కదా"కు బదులు అన్నిటికీ "ఈజింట్ ఇట్" తగిలించడం మానెయ్యండి. "యు ఆర్ కమింగ్, ఆరింట్ యు?" సరైనది. తడుముకోవాల్సి వస్తే "రైట్?" అనెయ్యండి, మాటల్లో అది చెల్లుతుంది.

ఐదో మెట్టు: విభక్తులు

"డుమువులు ప్రథమ" అని వల్లెవేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ద్వితీయా ప్రత్యయాల్లో "కూర్చి, గురించి" ఉంటాయి. "సమస్య గురించి చర్చించాం" మనకు సహజం, దానివల్లే "డిస్కస్ అబౌట్". ఇంగ్లీషులో "డిస్కస్" అనే క్రియలోనే "గురించి" ఇమిడి ఉంది. "మెన్షన్", "డిస్క్రైబ్" కూడా అంతే. "టాక్", "థింక్" అలా కావు, వాటికి "అబౌట్" కావాలి. "డిస్కషన్" అనే నామవాచకం వెనక కూడా "అబౌట్" రావచ్చు.

"కి" విషయంలోనూ ఇదే గొడవ. అతనికి ఫోన్ చేశాను, "కాల్డ్ టు హిమ్" కాదు, "కాల్డ్ హిమ్". హైదరాబాద్‌కి చేరాను, "రీచ్డ్ హైదరాబాద్". ఇంటికి వెళ్లాను, "వెంట్ హోమ్". ఈ మూడిట్లో "టు" ఉండదు. తమాషా ఏమిటంటే, "టు" నిజంగా కావాల్సిన చోట వదిలేస్తాం: "ఎక్స్‌ప్లెయిన్ మీ". "నాకు వివరించండి" అన్నప్పుడు తెలుగులో "కు" ఉంది కదా, ఇంగ్లీషులోనూ ఉంచండి: "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ".

"నా మీద కోపం"కు "యాంగ్రీ విత్ మీ". "అతనితో పెళ్లయింది"కి "మ్యారీడ్ టు హిమ్". "లెక్కల్లో దిట్ట"కు "గుడ్ ఎట్ మాథ్స్". వీటికి కారణం వెతికి లాభం లేదు, క్రియనో విశేషణాన్నో దాని తోకతో సహా ఒకే మాటగా నేర్చుకోవాలి. "లో" విషయంలో మాత్రం కొంచెం సూత్రం ఉంది. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు "ఆన్", కారు, ఆటోలకు "ఇన్".

సమయాల్లో రెండే గుర్తుపెట్టుకోండి. "టుడే మార్నింగ్" బదులు "దిస్ మార్నింగ్", "యెస్టర్‌డే నైట్" బదులు "లాస్ట్ నైట్". "రిటర్న్ బ్యాక్", "రిపీట్ అగైన్", "మోర్ బెటర్", వీటిలో ఒక మాట అర్థం రెండోదాంట్లోనే ఉంది, కాబట్టి "బ్యాక్", "అగైన్", "మోర్" కొట్టెయ్యండి.

ఆరో మెట్టు: ఆర్టికల్స్, వచనాలు

"ఎ", "యాన్" ఎక్కడ వాడాలన్నది ఇంగ్లీషు అక్షరాలు చూసి తేల్చుకోబోతే మోసపోతాం. మన లిపి ఉచ్చారణను రాస్తుంది కాబట్టి మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే "యాన్", హల్లుతో మొదలైతే "ఎ". "అవర్", "ఆనెస్ట్" అచ్చులు, కాబట్టి "యాన్ అవర్", "యాన్ ఆనెస్ట్ మ్యాన్". "యూనివర్సిటీ", "యూరోపియన్" హల్లులు, కాబట్టి "ఎ యూనివర్సిటీ". ఒక్క చోట చిక్కుంది. మనవాళ్లు ఎంబీఏను "యం.బి.ఏ." అనీ, ఎస్‌ను "యస్" అనీ రాస్తారు, పలుకుతారు కూడా. అసలు ఉచ్చారణ "ఎం", కాబట్టి "యాన్ ఎంబీఏ".

"ద" ఎప్పుడు అన్నదానికి పూర్తి సూత్రం ఎవరూ ఇవ్వలేరు. వినేవాడికి ఏ వస్తువో తెలిస్తే "ద", తెలియకపోతే "ఎ". వృత్తి చెప్పేటప్పుడు తెలుగులో "ఒక" రాదు (మా అన్న డాక్టర్), ఇంగ్లీషులో "ఎ" తప్పదు. ఊళ్లకు "ద" వద్దు, కృష్ణా గోదావరి లాంటి నదులకు కావాలి. ఇంతకు మించి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకండి. ఆర్టికల్ తప్పయినా అర్థం దాదాపు ఎప్పుడూ చెడదు.

వచనాల సంగతి: మనకు పాలు, నీళ్లు బహువచనాలు, ఇంగ్లీషులో కావు. లెక్కపెట్టడంలో ఏ భాష పద్ధతి దానిదే. "ఇన్ఫర్మేషన్", "అడ్వైస్", "ఫర్నిచర్", "లగేజ్", "ఎక్విప్‌మెంట్", "హోమ్‌వర్క్" చివర "స్" పెట్టకండి. "హెయిర్" అంటే జుట్టు, వెంట్రుకలు కాదు: "మై హెయిర్ ఈజ్ ఫాలింగ్ ఔట్". అనుమానమొస్తే విద్యార్థుల కోసం చేసిన నిఘంటువు చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లెక్కకు రాని మాట పక్కన "అన్‌కౌంటబుల్" అనో, దానికి గుర్తుగా "యు" అక్షరమో కనిపిస్తుంది.

ఏడో మెట్టు: ఒక తెలుగు క్రియ, అరడజను ఇంగ్లీషు క్రియలు

"వెయ్యి" ఒక్కదాన్నే తీసుకోండి. తలుపు వేస్తాం, ఫ్యాన్ వేస్తాం, తాళం వేస్తాం, బ్రేకు వేస్తాం, మాత్ర వేసుకుంటాం, బొమ్మ వేస్తాం, దోసె వేస్తాం, ఓటు వేస్తాం. అన్నిటికీ "పుట్" పెడితే "పుట్ ద ఫ్యాన్" వస్తుంది. వరసగా "క్లోజ్ ద డోర్", "టర్న్ ఆన్ ద ఫ్యాన్", "లాక్ ఇట్", "బ్రేక్", "టేక్ ఎ టాబ్లెట్", "డ్రా", "మేక్ ఎ దోసె", "వోట్". ఇలాగే "పెట్టు", "తీయి", "కట్టు", "కొట్టు"లకు మీరే పట్టిక తయారుచేసుకోండి. ఇంత పనికొచ్చే కసరత్తు ఇంకోటి లేదనే నా అభిప్రాయం.

"చూడు"కు టీవీ అయితే "వాచ్". "విను"కు శ్రద్ధగా వింటే "లిజన్ టు", చెవిన పడితే "హియర్". "చెప్పు"కు, ఎవరికి చెప్పామో పక్కనే ఉంటే "టెల్" (హి టోల్డ్ మీ), లేకపోతే "సే" (హి సెడ్ దట్). "రేపు గుర్తుచెయ్యి" అన్నప్పుడు "రిమైండ్ మీ", "రిమెంబర్ మీ" అంటే నన్ను తలుచుకుంటూ ఉండు అని. అప్పు ఇస్తే "లెండ్", తీసుకుంటే "బారో".

"నిన్ననే", "ఇక్కడే"ల్లోని ఆ నొక్కును "ఓన్లీ"గా మార్చకండి. "యెస్టర్‌డే ఓన్లీ" బదులు "జస్ట్ యెస్టర్‌డే", "హియర్ ఓన్లీ" బదులు "రైట్ హియర్".

బంధుత్వాల్లో ఇంగ్లీషు పేదది. బావ, బావమరిది, మరిది, తోడల్లుడు అందరూ "బ్రదర్-ఇన్-లా"లే. వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు అందరూ "సిస్టర్-ఇన్-లా"లే. ఆ లోటు పూడ్చడానికి మనం "కో-బ్రదర్", "కో-సిస్టర్" పుట్టించుకున్నాం. బయటివాళ్లకు అవి అర్థం కావు. తేడా చెప్పక తప్పనప్పుడు "మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్" అని విడమరచండి. "కజిన్ బ్రదర్"లో "బ్రదర్" అక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: ఇది తప్పా, మన ఇంగ్లీషా?

"ప్రీపోన్", "ఔట్ ఆఫ్ స్టేషన్", "డు ద నీడ్‌ఫుల్" భారతీయ ఇంగ్లీషు. వీటిని వెక్కిరించేవాళ్లను నేను పెద్దగా పట్టించుకోను. గుంటూరు నుంచి పుణేకు మెయిల్ రాస్తున్నప్పుడు అందరికీ అర్థమయ్యే మాట అది. "ప్రీపోన్" నిఘంటువుల్లోకీ ఎక్కింది. డల్లాస్‌కో లండన్‌కో రాసేటప్పుడు మాత్రం మార్చుకోండి, ముఖ్యంగా అర్థం తిరగబడేవాటిని. "ఐ విల్ రివర్ట్" అంటే మనకు జవాబిస్తానని, బయట పాత స్థితికి వెళ్తానని. "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2019" అంటే మనకు డిగ్రీ పూర్తయిందని, అక్కడ స్పృహ తప్పిందని. "ఐ గ్రాడ్యుయేటెడ్" అనండి. అమెరికాలో "రబ్బర్" అడక్కండి, "ఇరేజర్" అనండి. "మై హౌస్ ఈజ్ బ్యాక్‌సైడ్ ఆఫ్ ద టెంపుల్" మాత్రం ఎక్కడా వద్దు. "బ్యాక్‌సైడ్" అంటే పిరుదులు. "బిహైండ్ ద టెంపుల్" చాలు.

వాక్యం చివర "టు", "విత్" లాంటివి రాకూడదనీ, "అండ్", "బట్"లతో వాక్యం మొదలుపెట్టకూడదనీ బడిలో చెప్పి ఉంటారు. మంచి రచయితలు రెండూ చేస్తారు. ఆ భయం వదిలెయ్యండి.

తొమ్మిదో మెట్టు: ఏది ముందు, ఏది వెనక

మీ కాగితం మీది తప్పుల్ని అర్థం చెడగొట్టే క్రమంలో పేర్చండి. యెస్-నో, అలవాటు పనుల "విల్", "సిన్స్", అర్థం తిరగబడే మాటలు ముందు. ప్రశ్నల వరస, విభక్తులు తర్వాత. ఆర్టికల్స్ అన్నిటికన్నా చివర. వారానికి ఒక్క మూలమే పట్టుకోండి. దానిమీద మీ సొంత జీవితంలోంచి వాక్యాలు అల్లి బయటికి అనండి. పుస్తకంలోని రాముడు, సీత వాక్యాలు నోటికి అంటుకోవు.

మెయిల్ పంపే ముందు వెతికే పెట్టెలో "అబౌట్", "సిన్స్", "విల్", "హ్యావింగ్" ఒక్కొక్కటే కొట్టి, అవి వచ్చిన చోట్లు మాత్రం చూసుకోండి. మొత్తం మళ్లీ చదవడం కన్నా ఇది త్వరగా అవుతుంది, ఎక్కువ దొరుకుతాయి కూడా.

మాట్లాడేటప్పుడు ఈ పని చెయ్యొద్దు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమానంగా మార్కులు వేస్తారు. అంటే వ్యాకరణం పావు వంతు. "ఎ"నా "ద"నా అని వాక్యం మధ్యలో ఆగితే అటు ధారాళతలోనూ నష్టపోతారు. నోరు జారితే జారనివ్వండి, అర్థం మారేంత తప్పయితేనే "సారీ, ఐ మీన్" అని దిద్దుకుని ముందుకు పోండి. నెల తర్వాత అవే మూడు విషయాలు మళ్లీ రికార్డు చేసి, రాసి, పాత కాగితం పక్కన పెట్టండి. రెండిట్లోనూ ఉన్న తప్పులే వచ్చే నెల పని.